బల్లకట్టు రేవులో ఆగిపోయిన ఆట

గత నెలలో ఒక ఆదివారం పొద్దున చారుకి పోపు పెడుతుంటే హాల్లోంచి ఒక బాణీ వినిపించింది. మాటలేమీ లేవు. వయొలిన్లూ వేణువులూ, వెనకాల ఎక్కడో చిన్న గంటలు, పెద్ద వాద్యబృందమే మా హాల్లో దిగినట్టుంది. ఏదో ప్రకటన అనుకున్నాను. కానీ నా చెయ్యి నాకంటే ముందే దాన్ని గుర్తుపట్టింది. గరిటె పట్టుకున్న చేతి బొటనవేలు, అక్కడ లేని బటన్ని దాని మానాన అది నొక్కుతోంది. నేనెరిగిన ఆ బాణీలో వయొలిన్లు లేవు. పాతకాలపు డోర్‌బెల్లు కీచుమన్నట్టు రెండు సన్నటి గొంతులు ఒకదాని వెంట ఒకటి పరిగెత్తేవి, అంతే. ఆవాలు మాడి వంటిల్లంతా ఘాటెక్కాక గానీ నేను స్టవ్ కట్టేయలేదు.

హాల్లో మా ఆయన సోఫా మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. కరోనా అప్పుడు ఇంటికొచ్చిన ఉద్యోగం మళ్ళీ హైదరాబాదు మొహం చూడలేదు, నరసరావుపేటలో మా పడమటి గదిలోనే స్థిరపడిపోయింది. వారమంతా ఆ గదిలో ఎవరెవరితోనో ఇంగ్లీషులో వాదించి, ఆదివారం వచ్చేసరికి బీపీ మాత్ర వేసుకుని మరీ టీవీ ముందు రాక్షసులతో యుద్ధానికి కూర్చుంటాడు. ఆ మాత్ర యుద్ధానికో, వారమంతా చేసిన వాదనలకో నేను అడగలేదు. ఆ రోజు టీవీలో ఒక చిన్న పల్లె కనిపిస్తోంది. పెంకుటిళ్ళు, పొగగొట్టాల్లోంచి పొగ, మెడకి నీలం గుడ్డ చుట్టుకున్న కుర్రవాడు. "బావి దగ్గర ఒక ముసలమ్మ ఉండాలే" అన్నాను. బొమ్మ అటు తిరిగింది. బావి, బావి పక్కన ముసలమ్మ. మా ఆయన ఆట ఆడే రిమోట్ ఒళ్ళో పెట్టుకుని నా వైపు అదోలా చూశాడు. "ఇది పాత ఆటే, ఇప్పుడు కొత్తగా చేసి వదిలారు. నీకెలా తెలుసే?" అన్నాడు. నాకెలా తెలుసో చెప్పాలంటే మా బాబాయి గురించి చెప్పాలి. మా బాబాయి గురించి చెప్పడం అప్పట్లో నాకు కష్టంగా ఉండేది.

బాబాయిది మాచర్ల. మా నాన్నకి ఆఖరి తమ్ముడు. ఊళ్ళో అంత మాటకారి ఇంకొకడు లేడని ఆయన్ని మెచ్చుకునేవాళ్ళూ అనేవాళ్ళు, తిట్టుకునేవాళ్ళూ అనేవాళ్ళు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి గురజాలలో దిగేలోపు వాళ్ళ ఇంటి పెద్దకోడలి పేరు కూడా తెలుసుకునే రకం. అలాంటి మనిషికి పోయిన ఎండాకాలం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. కాలు కొంత నయమై కర్ర పట్టుకుని నడుస్తున్నాడు గానీ మాట మాత్రం ఒక్కటే మిగిలింది. "అది." అన్నం కావాలన్నా అది, ఫ్యాను ఆపమన్నా అది, వచ్చిన చుట్టాన్ని కూర్చోమన్నా అది. ఆయన "అది" అనగానే ఇంట్లో అందరం పొడుపు కథ విప్పేవాళ్ళలా మీద పడేవాళ్ళం. మంచినీళ్ళా? మాత్రా? దుప్పటా? మా పిన్ని అందరికంటే ముందుండేది. ఆయన ఫ్యాను గురించి అంటే కాఫీ తెచ్చి చేతికిచ్చేది. ఆయన ఒక క్షణం గ్లాసు వంక చూసి, తాగేసేవాడు.

నరసరావుపేటలో మాట నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఉంటే తీసుకొచ్చి చూపించాం. బాబాయి లోపల అన్నీ అర్థమవుతున్నాయనీ, మాట పైకి రావడానికే దారి మూసుకుపోయిందనీ చెప్పింది. బొమ్మలు చూపించి పేర్లు అడుగుతుంటే బాబాయి నోరు కదిపేలోపే మా పిన్ని "ఆవు" అనేది, నేను "గొడుగు" అనేదాన్ని. ఆవిడకి విసుగొచ్చింది. "మీరందరూ కలిసి ఆయన బదులు మాట్లాడేస్తున్నారమ్మా. ఆయన వెతుక్కుంటున్నప్పుడు అందించకండి. ఎంతసేపైనా ఆగండి" అంది. వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, ఆయన ప్రయత్నం మానేస్తే మాత్రం ఉన్న ఆ కాస్తా పోతుందని చెప్పింది. ఆయన సరిగ్గా అదే చేశాడు. బొమ్మల పుస్తకం అవమానంగా తోచిందో ఏమో, ఇంక రానన్నాడు. రానని ఎలా అంటాడు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తరవాత తరవాత ఆ "అది" కూడా తగ్గించేశాడు. "నువ్వన్నా వచ్చి చెప్పి చూడవే. పోదామంటే ఉలకడు పలకడు. ఇట్టాగే ఉంటే నాకు భయంగా ఉంది" అని పిన్ని ఫోను చేసి వారం కాలేదు, మా హాల్లో ఆ బాణీ మోగింది.

ఇప్పుడు వెనక్కి వెళ్ళాలి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బాబాయి మాచర్ల బస్టాండు పక్క సందులో వీడియో గేముల కొట్టు పెట్టాడు. మిరపా పత్తీ తప్ప మరో వ్యాపారం ఎరగని ఇంట్లో అది పెద్ద అప్రతిష్ఠ. ఆ గది అంతకుముందు పురుగుమందుల గోడౌను. ఎన్ని అగరొత్తులు వెలిగించినా ఆ వాసన వదల్లేదు. ఇవాళ్టికీ పొలాల్లో మందు కొడుతున్న వాసన తగిలితే నాకు ఆట మీదికి మనసు పోతుంది. ముదురాకుపచ్చ తెర తొలగించి లోపలికి వెళితే చీకట్లో టీవీలు వరసగా ఉండేవి. కుర్రాళ్ళంతా గంటకింతని ఇచ్చి కొట్టుకునే ఆటలూ కార్ల ఆటలూ ఆడేవాళ్ళు. ఆడపిల్లలు ఆ సందు తొక్కకూడదని మా అమ్మ అనేది గానీ, స్కూలు నుంచి వచ్చేటప్పుడు సొంత బాబాయి కొట్లో కాసేపు కూర్చుంటే తప్పేమిటని నేననేదాన్ని. బాబాయి నాకోసం వెనక మూల ఒక టీవీ వదిలేశాడు. దానికి పచ్చరంగు ఎక్కువ. ఆకాశం కూడా లేత పచ్చగా కనిపించేది.

ఆ మూల టీవీకి ఒక క్యాసెట్ ఉండేది. గుంటూరులో ఎవరి దగ్గరో మూటగా కొన్నవాటిలో వచ్చింది. అందులో అక్షరాలన్నీ జపాను భాషే. కొట్టుకోవడం తక్కువ, నడవడం ఎక్కువ. ఒక కుర్రవాడు ఊరి నుంచి బయల్దేరతాడు, ఎదురైన ప్రతివాడితో మాట్లాడతాడు, ఎక్కడికో పోతుంటాడు. ఒక్క ముక్క చదవలేని ఆటకి డబ్బులెవడిస్తాడని కుర్రాళ్ళెవరూ దాన్ని ముట్టుకోలేదు. బాబాయి దాన్ని నోట్లో పెట్టుకున్నంత పనిచేసి గట్టిగా ఊది, మిషన్లో దూర్చి, నా వెనక స్టూలేసుకుని కూర్చునేవాడు. కుర్రవాడు ముసలమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడగానే తెర కింద డబ్బాలో అక్షరాలు పడేవి. బాబాయి వాటిని తెలుగులో చదివేవాడు. ఒక్క క్షణం తడబాటు ఉండేది కాదు. "కోడలు నాకు గంజి కూడా పొయ్యటం లేదు బాబూ, నువ్వు ఆ అడివి వైపు పోతే రెండు పుల్లలు ఏరకరా అంటందమ్మా" అనేవాడు, ముసలమ్మ గొంతుతో. కారంపూడి తిరునాళ్ళలో కథ చెప్పేవాళ్ళని చిన్నప్పుడు ముందు వరసలో కూర్చుని చూసినవాడు, ఆ విరుపులన్నీ ఆయనకి వచ్చు. మా బాబాయికి జపాను భాష వచ్చునని నేను క్లాసులో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

కథేమిటంటే, ఆ కుర్రవాడి తల్లికి జబ్బు చేసింది. అక్కని ఏటి అవతల ఊరికి ఇచ్చారు. అమ్మ చూడాలని కలవరిస్తోంది, అందుకని తమ్ముడు అక్కని తీసుకురావడానికి పోతున్నాడు. మా మేనత్తని కృష్ణ అవతల నల్గొండ వైపే ఇచ్చారు కాబట్టి నాకు అందులో వింతేమీ కనిపించలేదు. ఒకసారి మా తాతయ్య ఈ దిక్కుమాలిన కొట్టు సంగతేమిటో తేలుద్దామని చేతికర్రతో సహా లోపలికి వచ్చాడు. చీకట్లో కళ్ళు చిట్లించి మా టీవీ ముందు నిలబడ్డాడు. "ఎవడ్రా ఈడు? యాడికి పోతన్నాడు?" అన్నాడు. "అక్కని తోలకరావటానికి నాయనా. తల్లికి బాగాలేదు" అన్నాడు బాబాయి. "నడిచా? బస్సు లేదా?" "ఆ ఊరికింకా రోడ్డు పళ్ళేదు నాయనా." తాతయ్య తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ మింగేసి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ తరవాత చాలాకాలం అన్నం తింటూ తింటూ ఆగి, "ఆ పిల్లోడు అక్క కాడికి చేరాడంటనా?" అని నన్ను అడిగేవాడు.

చేరలేదు. అదే మా బాధ. ఆ క్యాసెట్‌కి ఒక లోపం ఉంది. ఆడినంతవరకూ గుర్తుపెట్టుకునే శక్తి దానికి లేదు. పక్కన రేడియోలు బాగుచేసే మామయ్య ఒకాయన ఉండేవాడు, రంజాన్‌కి మాకు సేమియా పంపేవాడు. ఆయన దాన్ని విప్పి, వెలుతురుకి పట్టి చూసి, "దీనికి జ్ఞాపకం నిలవదమ్మా. లోపలి సెల్లు చచ్చిపోయింది" అని మళ్ళీ బిగించి ఇచ్చేశాడు. కరెంటు పోతే ఆట పోయినట్టే, మళ్ళీ ఊరి నుంచి మొదలు. మాచర్లలో ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేకపోయినా ఎప్పుడు పోతుందో మాత్రం అందరికీ తెలుసు. దాంతో పరుగే పరుగు. అడవి దాటి, గుహ దాటి, ఎలుగుబంట్లని తప్పించుకుని, మూడు దార్ల దగ్గర ఎడమకి తిరిగి, ఏటి ఒడ్డుకి చేరేవాళ్ళం. సరిగ్గా అక్కడ ఠక్కుమని తెర నల్లబడేది. పెద్ద టీవీల దగ్గర కుర్రాళ్ళంతా కరెంటు వాళ్ళని అమ్మనాబూతులూ తిడుతుంటే, బాబాయి చీకట్లో నా తలమీద చెయ్యేసి, "పోతే పోయిందిలే. పదమ్మా, మళ్ళీ ఊర్నించి బయల్దేరదాం" అనేవాడు. ఎన్నిసార్లన్నాడో. ఒక్కసారి కూడా ఆ గొంతులో విసుగు వినలేదు నేను.

కరెంటు ఉన్న రోజుల్లో కూడా ఏరు దాటలేకపోయాం. రేవులో ఒక బల్లకట్టు ఉండేది. కృష్ణ మీద మా వైపు నడిచే బల్లకట్టు ఎలా ఉంటుందో అలాగే, పలకలు పరిచిన చదరం. దాని మీద ఒక ముసలాయన. ఆయన కుర్రవాణ్ణి ఎక్కించుకోడు. పలకరించిన ప్రతిసారీ ఒకే మాట అంటాడు. మేము ఆయనకి రొట్టె ఇచ్చాం, మందాకు ఇచ్చాం, చేతిలో ఉన్న గంట ఇచ్చాం, ఆఖరికి కత్తి కూడా ఇవ్వబోయాం. ఏదీ తీసుకోడు. బాబాయి ఆ ఒక్క మాటనే రోజుకో రకంగా చదివేవాడు. "మీ ఇంట్లో పెళ్ళికి నాకు పిలుపు లేదు, నేను రానంటన్నాడు." ఇంకో రోజు, "కూతురికి జొరంగా ఉందంట, మనసు బాగాలేదంట." నాకు ఒకసారి అనుమానం వచ్చి, "అక్షరాలు నిన్నటివే కదా బాబాయ్?" అన్నాను. "అక్షరాలు అయ్యేనమ్మా. ఆయన మనసు నిన్నటిది కాదు గదా" అన్నాడు. మళ్ళీ బటన్ నొక్కు, మళ్ళీ పలకరించు, మళ్ళీ నొక్కు, ఇంతలో కరెంటు పోవడం. తరవాత నేను చదువుకి గుంటూరు వెళ్ళాను. ఇళ్ళల్లోకి కంప్యూటర్లు వచ్చి కొట్టు మూతపడింది. బాబాయి మిరపకాయల బేరాల్లోకి దిగాడు. సామాను సర్దడంలో క్యాసెట్ ఎటుపోయిందో పోయింది. తాతయ్య పోయాడు. ఆ కుర్రవాడు మాత్రం నా లెక్కలో ఆ రేవులోనే నిలబడి ఉన్నాడు.

ఇదంతా మా ఆయనకి చెప్పేసరికి చారు లేని భోజనమే అయింది ఆ పూట. ఆయన గోదావరి మనిషి, కథ వినడం తెలుసు. అంతా విని, "అంతా బానే ఉంది గానీ, అతనికి అక్కే లేదే" అన్నాడు జాలిగా. ఆ కుర్రవాడు రాజకుమారుడట. పోయిన కిరీటం కోసం వెళుతున్నాడట. తల్లి మొదటి బొమ్మలోనే చచ్చిపోయిందట. బావి దగ్గర ముసలమ్మకి కోడలే లేదు, తోడేళ్ళున్నాయి జాగ్రత్త అంటోందట. ఒక్కొక్కటే చెబుతుంటే నాకు వేళ్ళు కాలినట్టనిపించింది. "మీ కిరీటం మీరే పెట్టుకోండి" అన్నాను. ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. అబద్ధమని తెలిసినందుకు కాదు. బాబాయికి జపాను భాష రాదని నాకు పెద్దయ్యాక ఎటూ తెలుసు. ఆ అబద్ధం చెప్పిన గొంతు మళ్ళీ వినలేనేమోనన్న దిగులు అది.

అయినా ఆ మధ్యాహ్నమంతా పక్కన కూర్చుని చూశాను. కొత్త ఆట అందంగా ఉంది, కాదనను. కుర్రవాడికి కనురెప్పలున్నాయి. పాతదాంట్లో మొహమంటే నాలుగు చుక్కలు. బావిలోకి వంగితే నీళ్ళల్లో మబ్బులు కదులుతున్నాయి. పాతదాంట్లో బావి ఒక నీలం గడి. ఇప్పుడు అందరికీ గొంతులొచ్చాయి, ఎలుగుబంటి కూడా తనకేదో కష్టం ఉన్నట్టు మూలుగుతోంది. ఎటు పోవాలో తెలియకపోతే నేలమీద బంగారు గీత ఒకటి వెలిగి దారి చూపిస్తుంది. మూడు దార్ల దగ్గర ఎడమకి తిరగాలని మేము తెలుసుకోవడానికి ఒక వేసవి సెలవులు పట్టింది. ఆకాశం నీలంగా ఉంది. అందరికీ అది నీలంగానే ఉండేదట, మాకు తప్ప. నాకు ఎంత వెలితిగా అనిపించిందో చెప్పలేను. పచ్చటి ఆకాశం కింద పెరిగినవాళ్ళకి నీలం చూపించి ఇదే అసలైందంటే ఎలా ఒప్పుకుంటాం?

సాయంత్రానికి రేవు వచ్చింది. నేను సోఫా అంచుకి జరిగాను. బల్లకట్టు మీద ముసలాయన తెల్లగడ్డంతో, ఉన్ని శాలువాతో ఎంతో దర్జాగా ఉన్నాడు. నోరు తెరిచి ఇంగ్లీషులో ఒక్క మాట అన్నాడు. మా ఆయన మామూలుగా తెలుగు చేసి చెప్పాడు. "పొగమంచు విడేదాకా ఇక్కడ ఊరకే కూర్చో అంటున్నాడు." ఇంతకాలం మాకు అర్థం కాని మాట అదీ. కూర్చోమన్నాడు, అంతే. ఆయనకి ఏమీ ఇవ్వక్కర్లేదు, పలకరించక్కర్లేదు. మేము నొక్కుతూనే ఉన్నాం, అందుకని ఆయన ఎప్పటికప్పుడు మళ్ళీ అదే చెబుతూ వచ్చాడు. నిజం బల్లకట్టు కోసం రేవులో పల్లీలు నములుతూ పూటలు పూటలు కూర్చున్న మా బాబాయికి, కరెంటు పోతుందన్న బెదురులో ఈ బల్లకట్టు దగ్గర కూర్చోవాలని తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఇంకా విచిత్రం, కొత్త ఆటలో ఆ కూర్చోవడం కూడా లేదు. మా ఆయన ఒక బటన్ నొక్కాడు, సూర్యుడు గిర్రున తిరిగాడు, మంచు విడిపోయింది, బల్లకట్టు కదిలింది. నేను నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టేలోపు ఏరు దాటేశాడు. "అదేమిటి, కూర్చోలేదుగా!" అన్నాను. "ఈ రోజుల్లో ఎవరు కూర్చుంటారే? కావాలంటే లోపల పాత ఆట కూడా అలాగే పెట్టారు. బటన్ నొక్కితే పాత బొమ్మలొస్తాయి. అందులో మాత్రం నిజంగానే ఆగాలంట, రిమోట్ ముట్టుకోకుండా" అన్నాడు. ముట్టుకోకుండా ఆగాలి అన్న ఆ మాట ఈమధ్యే ఎక్కడో విన్నానే అనుకున్నాను. డాక్టరమ్మ గుర్తొచ్చింది. నేను లేచి వెళ్ళి పిన్నికి ఫోన్ చేశాను, వచ్చే ఆదివారం వస్తున్నామని.

పిడుగురాళ్ళ సున్నపు దుమ్ము దాటి మాచర్ల చేరేసరికి పదకొండయింది. పిన్ని వసారాలో ఎండుమిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. బాబాయి కిటికీ పక్క వైరు కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు, ఎడమ పక్కే నవ్వింది. మా ఆయన మిషన్ టీవీకి తగిలించి ముందు కొత్త ఆటే పెట్టాడు. వయొలిన్లు మోగాయి, గొంతులు మాట్లాడాయి. బాబాయి కాసేపు మర్యాదకి చూసి కిటికీ వైపు తిరిగాడు. బయట గేదె తప్ప ఏమీ లేదు, దాన్నే చూస్తున్నాడు. "చెప్పలా నీకు, ఏదీ పట్టదు ఈయనకి" అంది పిన్ని లోపలికి తొంగిచూసి. మా ఆయన బటన్ నొక్కాడు. కనురెప్పలు పోయాయి, మబ్బులు పోయాయి, నాలుగు చుక్కల మొహం వచ్చింది. కీచు గొంతుతో ఆ పాత బాణీ మొదలైంది. బాబాయి మెడ ఇటు తిరిగింది.

నేను టీవీ మెనూలో వెతికి పచ్చరంగు పెంచాను. రిమోట్ తెచ్చి బాబాయి ఒళ్ళో పెట్టాను. నడిపించే మీట ఎడమ వైపు ఉంటుంది. ఆయనకి పనిచేసే చెయ్యి అదే. కుడి వైపు బటన్లు నేను నొక్కుతానన్నాను. ఒక రిమోట్‌ని ఇద్దరం చెరో పక్కా పట్టుకుని కూర్చున్నాం. ఎడమ బొటనవేలు కాసేపు తచ్చాడింది. కుర్రవాడు గోడకి కొట్టుకున్నాడు. తరవాత గడప దాటాడు. బావి దగ్గర ముసలమ్మ ఎదురైంది, డబ్బాలో ఈసారి జపానుకి బదులు ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి, తోడేళ్ళున్నాయని. నేను గొంతు సవరించుకుని, "కోడలు నాకు గంజి కూడా పొయ్యటం లేదు బాబూ" అని చదివాను. నాకు విరుపులు రావు, బడిలో ఎక్కాలు చెప్పించే గొంతు నాది. బాబాయి నా వైపు తిరిగి చూశాడు. ఆయన భుజాలు కదలడం మొదలెట్టాయి. నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా, కళ్ళలో నీళ్ళు వచ్చేట్టు. పక్షవాతం వచ్చాక ఆయన అలా నవ్వడం అదే మొదటిసారి చూడటం.

అడవి దాటించాడు, గుహ దాటించాడు. మూడు దార్ల దగ్గర నేను కావాలనే ఏమీ చెప్పలేదు. ఆయన వేలు ఎడమకే తిరిగింది. క్యాసెట్‌కి నిలవని జ్ఞాపకం ఆయనకి నిలిచే ఉంది. రేవు వచ్చింది. అలవాటు ప్రకారం ముసలాయన దగ్గరికి నడిపించి, బటన్ నొక్కమని గడ్డంతో నాకు సైగ చేశాడు. నేను నొక్కి, "పొగమంచు పోయిందాకా కూకోమంటన్నాడు బాబాయ్" అన్నాను. ఆయన నమ్మలేనట్టు చూశాడు. "నిజంగానే. పెళ్ళీ లేదు, జొరమూ లేదు. ఉత్తగా ఆగమన్నాడంట మనల్ని." రిమోట్ తీసి స్టూలు మీద పెట్టాను.

ఆగాం. తెర మీద ఏమీ కదలడం లేదు, నీళ్ళు తప్ప. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. వసారాలోంచి మిరపకాయల ఘాటుకి మా ఆయన తుమ్మి, క్షమించమన్నట్టు చూశాడు. పిన్ని గుమ్మంలోకి వచ్చింది. "ఏంది, చెడిపోయిందా? కదలట్లేదేంది?" అంది. "ఆగాం పిన్నీ" అన్నాను. "ఆయనకి నీళ్ళు గావాలేమో..." అని గ్లాసు కోసం కదలబోతే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టాను. ఆమె మిరపకాయల చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లో ఉంచుకుని కూర్చుంది. ఎంతసేపో నాకు తెలియదు. పాత ఆట కదా, సూర్యుడు గిర్రున తిరగలేదు. పచ్చటి ఆకాశం మెల్లగా తేలికపడింది. మంచు గడులు ఒకటొకటిగా మాయమయ్యాయి. ముసలాయన పక్కకి జరిగాడు. బల్లకట్టు మీద ఒక చోటు ఖాళీ అయింది.

బాబాయి పెదవులు కదిలాయి. "ప" అన్నాడు. అక్కడ ఆగిపోయింది. మొహమంతా ఎర్రబడింది, మెడ నరాలు లేచాయి. నాకు ఆ మాట తెలుసు. నా నాలుక చివరే ఉంది. అందించడానికి ఒక్క క్షణం పట్టదు. పిన్ని నోరు తెరిచింది, నేను ఆమె చెయ్యి గట్టిగా నొక్కాను. ఆయన కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటి నుంచి బయల్దేరాడు. "ప..." మళ్ళీ ఆగాడు. మేమూ ఆగాం. "పద" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "పదమ్మా."

పిన్ని కళ్ళు తుడుచుకోబోయి మిరపకాయల చేతులని గుర్తొచ్చి, ఏడుస్తూనే పెరట్లోకి పరిగెత్తింది. నేను రిమోట్ మళ్ళీ అందుకుని ఆయన ఎడమ వేలు మీటమీద పెట్టాను. కుర్రవాడు బల్లకట్టెక్కాడు. అవతలి ఒడ్డున ఏముందనుకున్నారు? ఏమీ లేదు. ఇవతల ఉన్న గడ్డే అవతలా ఉంది, ఇవతల ఉన్న చెట్లే. "అదిగో బాబాయ్, అక్క వాళ్ళ ఊరు" అన్నాను. ఆయన తల ఊపాడు. తాతయ్యకి చెప్పాలనిపించింది, చేరాడని.

కథలన్నీ ఒక్క పూటలో చక్కబడవు. బాబాయి ఇప్పుడు డాక్టరమ్మ దగ్గరికి వస్తున్నాడు. బొమ్మల పుస్తకం మీద చిరాకు పోలేదు గానీ వస్తున్నాడు. మాటలు "అది" నుంచి "పద"కి, అక్కడి నుంచి మరికొన్నిటికి, బల్లకట్టంత నెమ్మదిగా నడుస్తున్నాయి. "ఇంతకుముందు అదీ అదీ అని చంపేవాడు, ఇప్పుడు పద పద అంటన్నాడే. యాడికని పొయ్యేది నేను?" అని పిన్ని ఫోన్లో విసుక్కుంటుంది. ఆ విసుగులో ఎంత సంతోషం ఉందో వినాలి. తరవాత ఎప్పుడూ లేనిది, ఒక క్షణం మాట్లాడకుండా ఊరుకుంటుంది. అవతల ఆయన ఏదో అనడానికి వెతుక్కుంటున్నాడని నాకు తెలుస్తుంది. ఫోను పట్టుకుని ఇక్కడ నేనూ ఊరుకుంటాను. కరెంటు పోయేలోపు ఏరు దాటేయాలని ఆ రోజుల్లో ఎంత పరిగెత్తామో. కాలం మాత్రం మమ్మల్ని ఎక్కించుకుపోవడానికి ఆ రేవులోనే కూర్చుని ఉంది, ఎప్పటికైనా రిమోట్ కింద పెడతామేమోనని.